ఒక్కపొద్దు

మా వాడలో జీతం అంటే ఒకటో తారీఖున బ్యాంకులో పడేది కాదు. జీతం 'ఉండేది'. "ఫలానా వాళ్ల కొడుకు ఫలానా ఆసామి కాడ జీతం ఉంటున్నడు" అనేవాళ్లు. మా అయ్య పదకొండేళ్ల వయసులో జీతానికి కుదిరాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చిందని ఇప్పుడు నేను పిల్లలకు పాఠం చెప్తాను. మా అయ్య జీతానికి పోయింది ఆ మరుసటేడు. ఉగాది నుంచి ఉగాదికి లెక్క. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లు, ఒక జత బట్టలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. ఆ చెప్పులు కుట్టేది మా తాత. ఆసామి మా తాతతో ఊరికే కుట్టించుకుని వాటిని మా అయ్యకు జీతంలో కట్టేవాడు.

అయ్య తిండి ఆసామి దొడ్లో. ఆయన సత్తుగిన్నె పశువుల కొట్టం చూరులో చెక్కి ఉండేది. ఆసామి భార్య పైనుంచి పోస్తే కింద పట్టుకునేవాడు. సగం తిని, సగం తువ్వాలలో మూటగట్టి ఇంటికి తెచ్చేవాడు. ఆ సగం నాకూ, తమ్ముడికీ, అమ్మకూ. మేము రూపాయలు చూసింది తక్కువ. గింజలు చూశాం, మెతుకులు చూశాం. అమ్మ కూలి కూడా చాలాసార్లు కుంచాలతోనే కొలిచేవాళ్లు. మాకు తిండీ డబ్బూ రెండు వేరు వేరు వస్తువులు కావు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత నేను చెప్పబోయే జబ్బుకు వేరు ఇక్కడే ఉంది.

పాల్వంచ దాటి భద్రాచలం పోయే రోడ్డు మీద దిగి లోపలికి నడిస్తే అడవి అంచున మా ఊరు. చుట్టూ కోయగూడేలు. మధ్యలో మైదానం నుంచి వచ్చిన ఆసాముల పొలాలు. ఊరికి ఆ కొసన మా మాదిగవాడ. ఏజెన్సీలో భూమి ఆదివాసీల చేతిలోంచి వేరేవాళ్ల చేతికి పోకూడదని 1970లో ఒకటి బై డెబ్బై చట్టం వచ్చింది. న్యాయమైన చట్టం. అయినా మా ఊళ్లో ఆసాముల పొలాలు ఆసాములకే ఉన్నాయి, మాకు మాత్రం ఇల్లు దాటితే జానెడు నేల లేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు మా వాడ మగవాళ్లు ఆశగా కాయితాలు రాయించారు. ఆదివాసీలు కానివాళ్లు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ ఉంటున్నట్టు రుజువు చూపాలన్నారు. మా తాత ఎప్పుడు పుట్టాడో రాసిన కాయితం ఈ భూమ్మీద లేదు. ఇంక 75 ఏళ్ల కాయితం ఎక్కడిది?

అందుకని మా కడుపులు కాలాన్ని బట్టి నడిచేవి. సంక్రాంతికి ముందూ వెనకా కోతలు, కల్లాలు, పరిగె గింజలు. అప్పుడు తినేవాళ్లం. మాఘం, ఫాల్గుణంలో మిరప చేలు. రాత్రి చేతులు భగభగ మండుతుంటే అదే చేత్తో బువ్వ కలుపుకునేవాళ్లం. ఎండాకాలం తునికాకు. యాభై ఆకులకు ఒక కట్ట. అప్పుడు మాత్రం నాలుగు నోట్లు కళ్లబడేవి. ఆషాఢం, శ్రావణం వచ్చాయంటే ఇంట్లో కుండ బోర్లా పడుకునేది. ఆసామి ఇంట్లో పెళ్లో, కర్మకాండో జరిగితే అందరూ తిన్నాక మమ్మల్ని దొడ్లో కూచోబెట్టేవాళ్లు. "కడుపు పగిలేటట్టు తినుండ్రి, మళ్ల ఎప్పుడో" అని పెద్దోళ్లు చెవిలో చెప్పేవాళ్లు. నేను తినేదాన్ని. పొట్ట నొప్పి పెట్టినా తినేదాన్ని. దొరికిన రోజు రేపటిది కూడా తినాలి. దొరకని రోజు కడుపున తడిగుడ్డ వేసుకుని పడుకోవాలి.

బువ్వ తక్కువైన రోజు మా అమ్మ, "నాకు ఇయ్యాల ఒక్కపొద్దు" అనేది. సోమవారం శివుడికి, శుక్రవారం ముత్యాలమ్మకు, శనివారం ఎంకన్నకు. మా అమ్మ ఇంత భక్తురాలని నేను చాలా ఏళ్లు నమ్మాను. ఆసామి ఇంట్లో ఒక్కపొద్దు ఉన్నవాళ్లకు రాత్రి పండ్లూ పాలూ ఉండేవని, మా అమ్మకు రెండో పొద్దు కూడా ఉండేది కాదని తెలిసేసరికి నాకు తొమ్మిదేళ్లు. తెలిశాక కూడా ఏమీ అనలేదు. నా ముందున్న బువ్వ నేను తిన్నాను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

1999లో ఆరో తరగతికి నన్ను సాంఘిక సంక్షేమ హాస్టల్లో వేశారు. ఎక్కడిదో చెప్పను. వరుసలో పళ్లేలు పట్టుకుని నిలబడేవాళ్లం. ముందున్నవాళ్లకు కూరగాయ ముక్క, వెనకున్నవాళ్లకు నీళ్లు. రెండోసారి పెట్టించుకోవాలంటే మొదటిసారి త్వరగా మింగాలి. నమలకుండా మింగడం అక్కడ నేర్చుకున్నాను. ఎడమచేయి పళ్లెం చుట్టూ అడ్డంపెట్టి తినడం కూడా.

నెలకోసారి అమ్మ వచ్చేది. కొంగు ముడిలో పది రూపాయలు, గుడ్డలో ఎండిన తునకలు. తునకలంటే ఏమిటో ఈ పుస్తకం చదివేవాళ్లకు చెప్పక్కరలేదు. దండెం మీద ఎండి, నిప్పుల మీద కాలిన ఆ పెద్దకూర వాసన నాకు మా ఇంటి వాసన. ఒకసారి గదిలో మూట విప్పితే ఒక పిల్ల ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తింది. మరునాటి నుంచి నాకు పేరు పెట్టారు. అది కూడా రాయను. అప్పటి నుంచి నేను తునకల మూట తీసుకుని మరుగుదొడ్లోకి పోయి, తలుపు గడియ వేసుకుని, ఆ కంపులో నిలబడి తినేదాన్ని. పది రూపాయలకు బన్నురొట్టెలు కొని రాత్రి దుప్పటి ముసుగులో తినేదాన్ని. తిండంటే దాచుకుని తినేదనీ, డబ్బంటే ఎవరికీ తెలియకుండా ఖర్చుపెట్టేదనీ నాకు పదకొండేళ్లకే అర్థమైంది.

డైట్‌లో సీటొచ్చింది. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ కట్టాను. మా వంశంలో డిగ్రీ అన్నమాట నాతోనే మొదలు. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మొదట్లో జీతం రాలేదు. తర్వాత మూడు నెలలది ఒక్కసారే పడింది. చేతికి నలభై ఎనిమిది వేల చిల్లర. అంత డబ్బు మా వాడలో ఎవరూ చూడలేదు. మా అయ్య ముప్పై ఆరేళ్లు జీతమున్నా చూడలేదు.

ఆ రోజు ఖమ్మం బస్టాండు దగ్గర ఒక హోటల్‌కు ఒక్కదాన్నే పోయాను. బిర్యానీ చెప్పాను. తిన్నాను. ఇంకొకటి చెప్పాను. సర్వరు "పార్సిలా మేడం" అన్నాడు. అవునన్నాను. పొట్లం బస్టాండు వెనక నిలబడి తిన్నాను. రుచి తెలియలేదు. గొంతు దాకా నిండినా చెయ్యి ఆగలేదు. ఆ చెయ్యి నాది కాదనిపించింది. కొత్తగూడెం బస్సు ఎక్కకముందే మురుగుకాలవ పక్కన కక్కుకున్నాను. ఒక ముసలమ్మ నా వీపు రాసి, "ఎన్నో నెల బిడ్డా" అని అడిగింది. మూడు నెలలమ్మా అన్నాను. మూడు నెలల జీతం.

అప్పటి నుంచి పన్నెండేళ్లు నా నెల రెండు ముక్కలైంది. ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు దాకా తినేదాన్ని. ఆకలేసి కాదు. రాత్రి అందరూ పడుకున్నాక లైటు వేయకుండా వంటింట్లో నిలబడి, గిన్నెలో అన్నం గిన్నెలోనే కలుపుకుని, అది అయిపోతే బిస్కెట్లు, బెల్లం, పచ్చి అటుకులు. తిన్నంతసేపూ ఏమీ గుర్తుండేది కాదు. తర్వాత ఏడుపొచ్చేది. ఇరవయ్యో తారీఖు దాటితే ఇంక తినేదాన్ని కాదు. ఖాతాలో డబ్బు ఉండేది. రోజూ ఫోన్లో చూసుకునేదాన్ని. అది తగ్గుతుందంటే గుండె దడ. ఇంట్లో వాళ్లకు వండిపెట్టి నేను మంచినీళ్లు తాగి బడికి పోయేదాన్ని. స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు, "నాకు ఇవాళ ఒక్కపొద్దు" అనేదాన్ని. మా అమ్మ అబద్ధం నా నోట్లో నుంచి అచ్చంగా అలాగే వచ్చేది. తేడా ఒకటే. ఆమెకు గింజ లేక, నాకు ఉండి. ఒకామె, "మేడం నిష్ఠ చూసి మనం నేర్చుకోవాలండీ" అన్నది. ఇంకొకామె నేను గుమ్మం దాటాక, "వాళ్లలో కూడా ఇంత మడీ ఆచారం ఉంటయా" అన్నది. రెండూ విన్నాను.

నేను మా వాడలో మొదటి జీతగత్తెను. మా అయ్యలాగా జీతమున్నదాన్ని కాదు, జీతం వచ్చేదాన్ని. అందుకే ఫోన్లు. తమ్ముడి ఫీజు, చిన్నమ్మ ఆపరేషను, మామ కూతురు పెళ్లి, మేనత్త ఇంటి రేకులు. లేదనడం నాకు రాదు. నేను చదువుకున్న బియ్యం వాళ్ల కుండల్లోది. పంపేదాన్ని. అప్పు తెచ్చి పంపేదాన్ని. చిట్టీ పాడి పంపేదాన్ని. పంపిన రాత్రి తప్పకుండా వంటింట్లో నిలబడేదాన్ని. ఈ రెండింటికీ ముడి ఉందని అప్పట్లో తెలియదు. తిండి మీద అదుపు లేదనుకున్నాను, డబ్బు మీద అదుపు లేదనుకున్నాను. రెండు వేరు వేరు తప్పులనుకున్నాను.

మంచం కింద ఎప్పుడూ మూడు బస్తాల బియ్యం ఉండాలి నాకు. నా భర్త ఆర్టీసీ కండక్టరు. ఆయనా మా వాళ్లే, ఆయనా కష్టం తెలిసినవాడే. ఒకనాడు బస్తా విప్పితే లక్కపురుగులు గోడ మీదికి పాకినయి. "ఎవరి కోసం దాస్తున్నవు ఇవి? కోళ్లకు పోద్దాం పా" అన్నాడు. నేను బస్తా మీద కూచుని లేవలేదు. మూడు రోజులు మాటల్లేవు.

2022లో షుగరు అన్నారు. నాకు 34 ఏళ్లు. డాక్టరు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఉద్యోగం వచ్చాక బాగా తింటున్నట్టున్నారు, నోరు కట్టుకోండి" అన్నాడు. నోరు కట్టుకోవడం నాకు కొత్తా? వారం కట్టుకున్నాను. ఎనిమిదో రోజు రాత్రి కిలో అటుకులు తిన్నాను.

రెండేళ్ల తర్వాత తెలిసినవాళ్లు హైదరాబాదులో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. ఆమె బరువు చూడలేదు. "చిన్నప్పుడు ఇంట్లో తిండికి ఇబ్బంది ఉండేదా అమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు. గంటసేపు మాట్లాడాను. మాటల మధ్యలో ఏడ్చాను. ఇది తిండిపోతుతనం కాదని, దీనికి పేరుందని చెప్పింది. అదుపు తప్పి ఆబగా తినే ఈ జబ్బును అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన పుస్తకంలో విడిగా ఒక జబ్బుగా చేర్చిందట. నాకు మొదటి జీతం వచ్చిన సంవత్సరం.

టీచరును కదా, ఊరుకోబుద్ధి కాలేదు. చదివాను. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944, 45 సంవత్సరాల్లో, అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలలు సగం తిండి పెట్టాడు. వాళ్లు పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించారు. వంటల పుస్తకాలు పోగుచేశారు. పళ్లేలు నాకారు. తర్వాత కావలసినంత పెట్టినప్పుడు కొందరు కడుపు నిండినా ఆపలేకపోయారు. మంచి ఇళ్ల పిల్లలు, చదువుకున్నవాళ్లు. ఆరు నెలలకే అట్లా అయ్యారు. వాళ్లు ఒప్పుకుని పోయినవాళ్లు. ప్రయోగం అయిపోయే తేదీ వాళ్లకు తెలుసు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. మా ప్రయోగానికి తేదీ కూడా లేదు.

2017లో టెక్సాస్ రాష్ట్రంలో శాన్ ఆంటోనియో అనే ఊళ్లో ఉచిత తిండి సరుకులు పంచే చోట్లకు వచ్చే పేదవాళ్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఇంట్లో తిండికి కటకట ఎంత ఎక్కువో, ఆబగా తినే జబ్బూ అంత ఎక్కువని తేలింది. ఆ దేశంలో ప్రభుత్వం పేదలకు నెలకోసారి ఇచ్చే ఆహార సాయం అందిన మొదటి రోజుల్లో బాగా తిని, నెలాఖరుకు తగ్గించుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయని కూడా చదివాను. నా ఒకటో తారీఖూ, నా ఇరవయ్యో తారీఖూ అక్కడ కనబడ్డాయి. ఈ జబ్బులు సన్నబడాలనుకునే డబ్బున్న పిల్లలవని పత్రికల్లో చదివినదాన్ని. మా వాడల గురించి ఎవరూ రాయలేదు. ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో హిందీలో తన జీవితకథ రాసుకుని దానికి 'జూఠన్' అని పేరు పెట్టాడు. జూఠన్ అంటే ఎంగిలి. మనవాళ్ల కథ తిండి దగ్గరే మొదలవుతుంది. కానీ ఆ ఎంగిలి ఆగిపోయిన తర్వాత, సొంత కంచం వచ్చిన తర్వాత, మన చెయ్యి ఏం చేస్తుందో మనం కూడా మాట్లాడుకోలేదు. మాట్లాడితే "తిన్నది అరగక రోగం" అంటారని భయం. ఆ భయం నాకు ఇప్పుడు కూడా ఉంది.

డాక్టరమ్మ చెప్పిన మందు విని నవ్వొచ్చింది. మూడు పూటలా వేళకు తినాలి. ఒక్క పూట కూడా మానొద్దు. మానిన పూటే రాత్రి వంటింట్లోకి తీసుకుపోతుంది అన్నది. ఒక నోటుపుస్తకంలో తిన్నది ఒక పక్క, ఆ రోజు డబ్బు సంగతి ఒక పక్క రాయమంది. రాశాను. మూడు వారాలకు నా అంతట నాకే కనబడింది. ఫోను వచ్చిన రోజులు, కిస్తీ కట్టిన రోజులు, రాత్రి తిన్న రోజులు ఒకటే.

కానీ నన్ను నిజంగా లేపింది డాక్టరు కాదు, నా బిడ్డ. దానికి తొమ్మిదేళ్లు. 2025లో ఒక సాయంత్రం దాని బడి నుంచి ఫోను. పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది, పొద్దున ఏమైనా తిన్నదా అని. పోయి చూస్తే సంచిలో టిఫిన్ డబ్బా నిండుగా ఉంది. ముందు రోజుది కూడా కవరులో కట్టి ఉంది. బూజు పట్టింది. ఎందుకు తినలేదే అని అడిగాను. తల దించుకుని, "నెలాఖరు కదమ్మా. నువ్వు తినవు కదా. నేను కూడా ఒక్కపొద్దు ఉంటే పైసలు మిగుల్తయి కదా" అన్నది.

ముందురోజు రాత్రి నేనూ వాళ్ల నాన్నా అప్పు గురించి అరుచుకున్నాం. అది పడుకుందనుకున్నాం.

మూడు బస్తాల బియ్యం ఉన్న ఇంట్లో, ఇద్దరు జీతగాళ్ల ఇంట్లో, నా బిడ్డ పస్తుండి పడిపోయింది. దానికి నేనెప్పుడూ ఆకలి చూపించలేదు. అయినా మా అమ్మ తొమ్మిదేళ్ల వయసులో నాకు చూపించింది, నేను అదే వయసులో దానికి చూపించాను.

ఆదివారం దాన్ని తీసుకుని ఊరికి పోయాను. అయ్య పోయి నాలుగేళ్లు. అమ్మ ఒక్కతే. ఆ ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు. మనిషికి ఆరు కిలోలు. అమ్మ వాటిని డబ్బాలో పోసి పైన గుడ్డ కట్టి పెట్టింది. తను మాత్రం పాత దొడ్డుబియ్యమే వండుకుంటోంది. "గవి నువ్వొస్తే వండుదామని" అన్నది. చెప్పాను. నా సంగతీ, బిడ్డ సంగతీ అంతా. హాస్టల్లో మరుగుదొడ్డి సంగతి కూడా. అమ్మ చాలాసేపు పొయ్యిలో పుల్ల సర్దుతూ కూచుంది.

"నాకు తెల్సు నీకు తెల్సని" అన్నది ఆఖరికి. "నువ్వు తింటుంటే నా కడుపు నిండేది బిడ్డా. అది అబద్ధం కాదు. కానీ నువ్వు నా మొకం దిక్కు చూడకుంట తినేదానివి. గది చూసి ఏడ్చేదాన్ని."

ఆ మధ్యాహ్నం డబ్బా విప్పించాను. సన్నబియ్యం, చింతచిగురు పప్పు, తునకల కూర. ముగ్గురం ఒకేసారి కూచున్నాం. ఒకరి తర్వాత ఒకరు కాదు. అమ్మకు ముందు నేను వడ్డించాను. అమ్మ, "నాకు ఎనక" అంటే నా బిడ్డ, "కాదు అమ్మమ్మా, ఇప్పుడే" అన్నది. తునకల కూర బయట అరుగు మీద, దారిన పోయేవాళ్లు చూస్తుండగా తిన్నాను.

నయమైపోయిందని రాయను. పోయిన నెల కూడా ఒక రాత్రి వంటింట్లో నిలబడ్డాను. కానీ లైటు వేశాను. మంచం కింద ఇప్పుడు ఒక్క బస్తానే ఉంది. వాడకు నెలకు ఇంత అని ఒక లెక్క పెట్టుకుని పంపుతున్నాను, దాటితే "ఈ నెల లేవు చిన్నమ్మా" అంటున్నాను. ఆ మాట అన్న రోజు చెయ్యి వణుకుతుంది. ఇరవై అయిదో తారీఖున మా ముగ్గురి పళ్లేలు ఒకేసారి నిండుతున్నాయి. నోటుపుస్తకంలో అది రాసుకుంటున్నాను.

హాస్టల్ పిల్లల మెస్ చార్జీలు 2024లో మన ప్రభుత్వం 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి పిల్లకు నెలకు 950 ఉన్నది 1330 అయింది. రోజుకు 44 రూపాయలు, అన్ని పూటలకూ కలిపి. పెరిగింది, సంతోషమే. ఆ 44 రూపాయల్లో పిల్ల కడుపు ఎంత నిండుతుందో, మనసు ఎంత నిండుతుందో కూడా ఎవరైనా కనుక్కుంటే బాగుండు.

నేను ఇప్పుడు మా బడి పిల్లలతో పాటే కూచుని మధ్యాహ్న భోజనం తింటున్నాను. ఈ ఏడు రెండో తరగతిలో మా వాడలాంటి వాడ నుంచే ఒక పిల్లోడు వచ్చాడు. ఎడమచేయి పళ్లెం చుట్టూ అడ్డంపెట్టి, నమలకుండా మింగుతాడు. మొదటి రోజే గుర్తుపట్టాను. వాడి చెయ్యి తీయలేదు నేను. పక్కన కూచుని, "మెల్లగ తిను బిడ్డా, ఇంకా ఉన్నది" అని చెప్పాను. వాడు నమ్మలేదు. లేచి పోయి వంటావిడ గిన్నెలోకి తొంగిచూసి వచ్చాడు. రోజూ చెప్తున్నాను. రోజూ లేచి పోయి చూసి వస్తున్నాడు. చూడనీ. నమ్మేదాకా గిన్నెలో ఇంకొంత ఉండేటట్టు చూసుకోవడం నా పని.